పాత రాక్ బ్యాండ్ కొత్త పాట రెండో వారానికే ఎందుకు జారిపోతుంది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. 2019 డిసెంబరు 15న నవీ ముంబయి డీవై పాటిల్ స్టేడియంలో ఐర్లండ్ రాక్ బ్యాండ్ యూటూ కచేరీకి వెళ్లారు. ఇసుక వేస్తే రాలనంత జనం. ఆ ఊపులో బ్రిటన్ సింగిల్స్ చార్టు, అంటే విడివిడిగా విడుదల చేసే పాటల వరుస పట్టిక, తిరగేస్తే, ఆ బ్యాండ్ కొత్త పాటలు చాలా ఏళ్లుగా పైవరుసల్లో లేవు. అంతకుముందు వచ్చినవి కూడా కొన్ని వారాల్లోనే కిందికి జారిపోయాయి. అభిమానులు దూరమయ్యారా, పాటల్లో పస తగ్గిందా, రేడియోలు తొక్కిపెడుతున్నాయా అని అడిగారు.

మూడింటిలోనూ పిసరంత నిజం ఉంది. అయితే అసలు కారణం మీరు అడగని నాలుగోది. చార్టు లెక్కపెట్టేది ఒకటి, ఆ బ్యాండ్ అభిమాని డబ్బు పెట్టేది మరొకటి. ఈ రెండూ ఏనాడో విడిపోయాయి. నేను 1990 దశకంలో ఇంగ్లండ్‌లో ఒక రికార్డుల దుకాణంలో పనిచేశాను, తర్వాత పంపిణీ వైపు వెళ్లాను. కాబట్టి సంగీత విమర్శకుడిగా కాకుండా గల్లాపెట్టె వెనక నిలబడ్డవాడిగా చెబుతాను.

సింగిల్స్ చార్టు అంటే ఒక్క వారం లెక్క. ఆ వారంలో ఏ పాట ఎంత అమ్ముడైంది, ఇప్పుడైతే ఎంత వినిపించింది అన్నది తప్ప దానికి ఇంకేమీ తెలియదు. మన సినిమా భాషలో చెప్పాలంటే అది ఓపెనింగ్ కలెక్షన్ల పట్టిక, వంద రోజుల పట్టిక కాదు. ఎందుకంటున్నానంటే, మీరు ముంబయిలో గొంతు కలిపి పాడిన పాటల చార్టు చరిత్ర చూడండి. ఆ రాత్రి యూటూ 1987 నాటి ‘ది జాషువా ట్రీ’ ఆల్బమ్ మొత్తం వాయించింది. అందులోని ‘విత్ ఆర్ వితౌట్ యూ’ బ్రిటన్‌లో 4వ స్థానం దాటలేదు. ‘ఐ స్టిల్ హావెంట్ ఫౌండ్ వాట్ ఐయామ్ లుకింగ్ ఫర్’ 6 దగ్గర ఆగింది. ఈ రెండూ అమెరికాలో నంబర్ వన్ అయ్యాయి, అది వేరే సంగతి. బ్రిటన్‌లో వాళ్లకు నంబర్ వన్ తెచ్చిన పాటల్లో 1997 నాటి ‘డిస్కొతెక్’ ఒకటి. దాన్ని మీ పక్కన నిలబడ్డ వాళ్లలో ఎంతమంది హమ్ చేయగలరో మీరే ఊహించండి.

ఆ 1997 ఫిబ్రవరి సంగతి కాస్త విప్పి చెప్పాలి, మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది. ఆ శీతకాలంలో వరుసగా నాలుగు పాటలు నంబర్ వన్ అయ్యాయి, ఒక్కొక్కటి ఒక్కొక్క వారమే నిలిచింది. మొదట వైట్ టౌన్ పేరుతో వచ్చిన ‘యువర్ ఉమన్’. (ఆ వైట్ టౌన్ అంటే రూర్కెలాలో పుట్టి ఇంగ్లండ్‌లో పెరిగిన జ్యోతి మిశ్రా, ఇంట్లోనే రికార్డు చేసిన పాట అది. మనవాళ్లలో చాలామందికి ఇప్పటికీ తెలియదు.) తర్వాత బ్లర్, ఆ తర్వాత ఎల్ఎల్ కూల్ జే, ఆ వెనక యూటూ. నాలుగూ నేరుగా మొదటి స్థానంలోనే అడుగుపెట్టి, మరుసటి వారం దిగిపోయాయి. కొత్తవాడు, పాతవాడు, రాక్, ర్యాప్ అన్న తేడా లేదు. అది ఆనాటి వ్యాపార పద్ధతి.

ఆ పద్ధతి ఇది. పాటను రేడియోకు చాలా వారాల ముందే ఇచ్చేస్తారు. దుకాణంలో మాత్రం దొరకదు. జనం అడుగుతారు, ఫలానా సోమవారం వస్తుందని మేము చెబుతాం. ఆ సోమవారం సీడీ ధర 99 పెన్నీలో, 1.99 పౌండ్లో ఉంటుంది, వారం తిరిగేసరికి 3.99 అవుతుంది. పైగా ఒకే సింగిల్ రెండు సీడీలుగా వస్తుంది, ఒక్కోదానిలో వేర్వేరు అదనపు పాటలు. కొన్నిసార్లు క్యాసెట్టో, వినైల్ రికార్డో దానికి తోడు. చార్టు లెక్కకు మూడు ఫార్మాట్లు మించకూడదని తర్వాత కట్టడి చేశారు గానీ, వీరాభిమాని మూడూ కొంటే అది మూడు అమ్మకాల కిందే లెక్క. ఇక అభిమాని ఎప్పుడు కొంటాడు? మొదటి మూడు రోజుల్లోనే. అతడు కొనేశాక రెండో వారంలో కొనడానికి మిగిలేది పాట దారిన పోతూ చెవిన పడ్డ మామూలు శ్రోత. అలాంటి శ్రోత లేని పాట రెండో వారం కూలిపోతుంది. పాత బ్యాండ్‌కు వీరాభిమానులు ఎక్కువ, దారిన పోయే శ్రోతలు తక్కువ. అందుకే పైకి ఎగరడమూ, జారడమూ రెండూ వాళ్లకే ఎక్కువ.

ఈ ఆటను అందరికంటే బాగా ఆడినవాళ్లు హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్. 1990 డిసెంబరు 24న, అంటే క్రిస్మస్ కొనుగోళ్లు ముగిసి దుకాణాలు ఖాళీ అయ్యే రోజున, ‘బ్రింగ్ యువర్ డాటర్ టు ద స్లాటర్’ సింగిల్ వదిలారు. బీబీసీ దాన్ని దాదాపు ముట్టుకోలేదు. అయినా మొత్తం అమ్మకాలు పడిపోయిన ఆ వారంలో వాళ్ల అభిమానులు మాత్రం క్రమశిక్షణగా వరుసకట్టారు. క్రిస్మస్ నంబర్ వన్‌గా ఉన్న క్లిఫ్ రిచర్డ్ పాటను దించి 1991 జనవరి మొదటి చార్టులో మెయిడెన్ పైకెక్కింది, రెండు వారాలు నిలిచింది. ఆ బ్యాండ్‌కు బ్రిటన్‌లో ఉన్న ఏకైక నంబర్ వన్ సింగిల్ అదే. వాళ్ల ఉత్తమ గీతం అదే అని మెయిడెన్ అభిమాని ఎవరూ అనరు. ఆ వారం ఎంచుకున్న బుర్రకు మాత్రం దండం పెట్టాలి.

రేడియో తొక్కిపెడుతోందా అన్న ప్రశ్నకు ఏకంగా కోర్టుకు వెళ్లిన బ్యాండ్ ఒకటి ఉంది, స్టేటస్ క్వో. 1968 నుంచి బ్రిటన్ చార్టుల్లో ఉన్నవాళ్లు. అరవైకి పైగా హిట్ సింగిల్స్ ఖాతాలో వేసుకున్నారు. 1985 జులై 13న వెంబ్లీలో లైవ్ ఎయిడ్ కచేరీని మొదలుపెట్టింది వాళ్లే. 1992లో బీబీసీ రేడియో 1 తన ఇరవై అయిదేళ్ల పండుగ చేసుకున్నప్పుడు కూడా వేదిక మీద ఉన్నారు. మరుసటి ఏడాది రేడియో 1 పగ్గాలు మాథ్యూ బ్యానిస్టర్ చేతికి వచ్చాయి. నడివయసు వ్యాఖ్యాతలను, నడివయసు పాటలను సాగనంపి స్టేషన్‌ను కుర్రకారుకు అప్పగించే పని ఆయన భుజాన వేసుకున్నారు. 1996లో స్టేటస్ క్వో, బీచ్ బాయ్స్‌తో కలిసి ‘ఫన్ ఫన్ ఫన్’ పాటను తిరిగి పాడింది. రేడియో 1 దాన్ని ప్లేలిస్టులో చేర్చలేదు. బ్యాండ్ 2,50,000 పౌండ్ల పరిహారం కోరుతూ బీబీసీ మీద దావా వేసింది. ఓడిపోయింది.

ఆ పాట 24వ స్థానంతో సరిపెట్టుకుంది. అదే ఏడాది, అదే పాట ఉన్న ‘డోంట్ స్టాప్’ ఆల్బమ్ మాత్రం ఆల్బమ్ చార్టులో 2వ స్థానానికి చేరింది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. అభిమానులు ఎక్కడికీ పోలేదు. నలభై దాటిన మనిషి ఒక పాట కోసం సింగిల్ కొనడు, ఆల్బమ్ వచ్చేదాకా ఆగుతాడు. సింగిల్ కొనేది పదిహేనేళ్ల వాళ్లు, వాళ్లకు పాటను పరిచయం చేసేది రేడియో 1. ఆ తలుపు మూసుకుపోయాక సింగిల్‌కు కొత్త గిరాకీ రాదు, పాత గిరాకీ ఆల్బమ్ వైపు పోతుంది. నా మటుకు నాకు ఆ దావాలో బ్యాండ్ వైపు న్యాయం కనిపించలేదు. ప్రజాధనంతో నడిచే స్టేషన్ యువ శ్రోతల కోసం పాటలు ఎంచుకోవడం దాని పనే. రేడియో 1 ఈ రోజుకూ 15 నుంచి 29 ఏళ్ల వాళ్లే తన శ్రోతలని చెప్పుకుంటుంది. కానీ ఆ బ్యాండ్ కడుపుమంట నాకు అర్థమవుతుంది. నిన్నటిదాకా పుట్టినరోజు వేడుకకు పిలిచిన ఇంటివాడే గుమ్మంలోకి రానివ్వకపోతే ఎవరికైనా మండుతుంది.

టెలివిజన్ ఈ జారుడును ఇంకాస్త వేగం చేసేది. ‘టాప్ ఆఫ్ ద పాప్స్’ కార్యక్రమం ప్రధానంగా పైకెక్కుతున్న పాటలకే చోటిచ్చేది, దిగుతున్న పాటను చూపించేది కాదు. మొదటి వారమే శిఖరం తాకి దిగడం మొదలైన పాటకు రెండో అవకాశం లేనట్టే. 2006లో ఆ కార్యక్రమమే ఆగిపోయింది.

ఇక యూటూ దగ్గరికి వద్దాం. 2004 నవంబరులో ‘వర్టిగో’ బ్రిటన్‌లో నంబర్ వన్. అప్పుడు వీధుల్లో, టీవీల్లో ఐపాడ్ ప్రకటనల నిండా ఆ పాటే, యాపిల్ వాళ్లు నలుపు ఎరుపు రంగుల్లో యూటూ పేరుతో ఒక ఐపాడ్‌నే అమ్మారు. రేడియో చేయాల్సిన పనిని ప్రకటన చేసింది. 2005లో ‘సమ్‌టైమ్స్ యూ కాంట్ మేక్ ఇట్ ఆన్ యువర్ ఓన్’ కూడా నంబర్ వన్. అక్కడి నుంచి నాలుగేళ్లు దాటి 2009కి రండి. ‘నో లైన్ ఆన్ ద హొరైజన్’ ఆల్బమ్ ముందు వదిలిన ‘గెట్ ఆన్ యువర్ బూట్స్’ 12 దగ్గర ఆగిపోయింది. తర్వాతి సింగిల్ ‘మాగ్నిఫిసెంట్’ 42. ఆల్బమ్ మాత్రం బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ నంబర్ వన్, ఒక్క అమెరికాలోనే మొదటి వారం 4,84,000 ప్రతులు. దానితో పాటు మొదలైన ‘360’ యాత్ర 2011 దాకా 110 కచేరీలు, 70 లక్షలకు పైగా టికెట్లు, 73.6 కోట్ల డాలర్ల వసూళ్లతో అప్పటికి ప్రపంచ రికార్డు. ఒక పక్క 42వ స్థానం, మరో పక్క ప్రపంచంలోకెల్లా పెద్ద యాత్ర. ఒకే బ్యాండ్, ఒకే ఏడాది.

ఆ మధ్య నాలుగేళ్లలో ఏమైందో దుకాణంవాడికి బాగా తెలుసు. 2005 నుంచి డౌన్‌లోడ్లు చార్టు లెక్కలోకి వచ్చాయి. 2007 జనవరి నుంచి దుకాణంలో సీడీ లేకపోయినా పాట చార్టులోకి రావచ్చన్నారు. సీడీ సింగిల్ కొనే అలవాటున్న నడివయసు అభిమానికి దుకాణాలే మాయమవుతూ వచ్చాయి. ఊరూరా సింగిల్స్ అమ్మిన వుల్‌వర్త్స్ 2009 జనవరి మొదటి వారంలో చివరి తలుపు వేసేసింది, యూటూ సింగిల్ రావడానికి కొన్ని వారాల ముందు. ఆ ఒక్క కారణంతోనే పాట పడిందని నేననను. సింగిల్ అన్న వస్తువు మీద వీరాభిమానికి ఉన్న మోజు చచ్చిపోయిన కాలం అది అంటున్నాను. ఆల్బమ్ మొత్తం వస్తుంటే ఒక్క పాట ఫైలు ముందే కొనడం దేనికి?

పాట సంగతి కూడా దాచను. ‘గెట్ ఆన్ యువర్ బూట్స్’ ముందు వదలదగ్గ పాట కాదు. బిగువైన గిటార్ ముక్క ఒకటుంది, దాని చుట్టూ అతికించిన ముక్కలు నాలుగున్నాయి, గుర్తుండే పల్లవి లేదు. ‘మాగ్నిఫిసెంట్’ను ముందు వదిలి ఉంటే ఏమయ్యేదని పంపిణీ వాళ్లం చాలా రోజులు వాదించుకున్నాం. చాలా బ్యాండ్‌లకు ఒక వయసు వచ్చాక ఈ జబ్బు పట్టుకుంటుంది. తాము ముసలివాళ్లం కాలేదని రుజువు చేసే పాటను ముందు వదులుతారు, తమకు బాగా వచ్చిన పాటను మూడోదిగా వదులుతారు. అప్పటికి వినేవాళ్లు వెళ్లిపోయి ఉంటారు.

2014 తర్వాత లెక్క పూర్తిగా మారిపోయింది. ఆ జులై నుంచి స్ట్రీమింగ్‌ను, అంటే పాటను కొనకుండా ఇంటర్నెట్‌లో వినడాన్ని, చార్టులో కలిపారు, మొదట వంద సార్లు వినడం ఒక అమ్మకంతో సమానం. 2018 నుంచి డబ్బు కట్టే ఖాతాలో వంద, ఉచిత ఖాతాలో ఆరు వందల సార్లు వింటే ఒక అమ్మకం. ఒక మనిషి ఒకే పాటను రోజుకు పదిసార్ల కంటే ఎక్కువ విన్నా పదే లెక్క. ఇప్పుడు కూడిక చేయండి. మీరు యూటూ కొత్త పాటను ఏడు రోజులూ, రోజుకు పదేసిసార్లు పిచ్చిపట్టినట్టు విన్నా 70. ఒక్క అమ్మకం కూడా కాదు. 1997లో ఇదే అభిమాని సోమవారం ఉదయం మూడు ఫార్మాట్లు కొని మూడు అమ్మకాలు వేసేవాడు. వీరాభిమానం విలువను చార్టు ఇలా కోసేసింది. విస్తారంగా, పలచగా, వారాల తరబడి వినే లక్షల మందికి విలువ పెరిగింది. పాఠశాల బస్సులో, వ్యాయామశాలలో, దుకాణాల్లో నడిచే ప్లేలిస్టుల్లో ఉన్న పాట గెలుస్తుంది. అరలోంచి వినైల్ రికార్డు తీసి టర్న్‌టేబుల్ మీద పెట్టి వినే యాభై ఏళ్ల మనిషి ఆ వారం వంద సార్లు విన్నా చార్టుకు అతడు లేనట్టే.

పాత బ్యాండ్‌కు అన్నిటికంటే గట్టి పోటీ దాని సొంత పాత పాటలే. ఇదివరకు దుకాణంలో కొత్త సింగిల్ ఒక్కటే ఎదురుగా ఉండేది, పాతవి అరల్లో వెనక ఉండేవి. ఫోనులో అన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. కొత్త పాట విడుదలైందని తెలిసి బ్యాండ్ పేరు వెతికిన మనిషి, దాన్ని ఒకసారి విని, కింద ఉన్న యూటూ పాత హిట్ ‘వన్’ లాంటి దాని మీద వేలు పెడతాడు. ప్రచారం కొత్త పాటకు, వినికిడి పాత పాటకు. పోనీ ఆ పాత పాటైనా చార్టులో పైకి వస్తుందా అంటే అక్కడా అడ్డుకట్ట ఉంది. 2017 నుంచి, పాతబడి దిగుతున్న పాటకు స్ట్రీమ్‌ల విలువను సగానికి కోస్తున్నారు. అవే పాటలు నెలల తరబడి తిష్ఠ వేయకుండా పెట్టిన నియమం అది. 1985 నాటి కేట్ బుష్ పాట ఒక వెబ్ సిరీస్ పుణ్యాన 2022లో మళ్లీ వెల్లువెత్తినప్పుడు ఆ కోతను ప్రత్యేకంగా ఎత్తేస్తే తప్ప అది నంబర్ వన్ కాలేదు.

ఆల్బమ్ చార్టులో ఆ పాత పాటల బలం కనిపిస్తుంది. స్వీడన్ బృందం అబ్బా పాత హిట్ల సంకలనం ‘గోల్డ్’ 2021లో బ్రిటన్ ఆల్బమ్ చార్టులో వెయ్యి వారాలు పూర్తి చేసిన మొదటి ఆల్బమ్ అయింది. ఒయాసిస్ సంగతి ఇంకా విచిత్రం. 1994 నుంచి 2008 దాకా వరుసగా 22 సింగిల్స్ టాప్ 10లోకి వెళ్లిన బ్యాండ్ అది. ‘ఐయామ్ ఔటా టైమ్’ 12 దగ్గర ఆగడంతో ఆ వరుస తెగింది, మరుసటి ఏడాది బ్యాండ్‌ను నడిపిన అన్నదమ్ములు విడిపోయారు. ఆ తర్వాత ఒక్క కొత్త పాట లేదు. 2024లో మళ్లీ కలుస్తున్నామని ప్రకటించగానే ముప్ఫై ఏళ్ల నాటి ‘డెఫినిట్లీ మేబీ’ తిరిగి నంబర్ వన్ ఆల్బమ్ అయింది. సింగిల్ చేస్తే 12, చేయకుండా ఊరుకుంటే 1.

అమెరికా గురించి క్లుప్తంగా. అక్కడి హాట్ 100 పట్టిక అమ్మకాలు, స్ట్రీమింగ్‌తో పాటు రేడియోలో పాట ఎంతమందికి చేరిందో కూడా కలుపుతుంది. రాక్‌కు విడిగా స్టేషన్లు, విడిగా చార్టులు ఉన్నాయి. మెటాలికా 2022 చివర వదిలిన ‘లక్స్ ఎటర్నా’ రాక్ రేడియో చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. హాట్ 100 మాత్రమే చూసేవాడికి ఆ విజయం కనబడదు. ‘గెట్ ఆన్ యువర్ బూట్స్’ అక్కడ 37.

యూటూ ఈ చిక్కును దాటవేయడానికి ఒక ఎత్తు వేసింది కూడా. 2014 సెప్టెంబరులో ‘సాంగ్స్ ఆఫ్ ఇన్నోసెన్స్’ ఆల్బమ్‌ను యాపిల్ ద్వారా 50 కోట్ల ఐట్యూన్స్ ఖాతాల్లోకి ఉచితంగా పంపారు. ఉచితంగా పంచింది చార్టు లెక్కలోకి రాదు. అడగకుండా ఫోనులోకి వచ్చిన పాటల మీద జనం ఎంత చిరాకుపడ్డారంటే, వాటిని తీసేయడానికి యాపిల్ విడిగా ఒక సదుపాయం పెట్టాల్సి వచ్చింది. శ్రోతను వెతుక్కుంటూ పాట వెళ్లడం వేరు, ఇంట్లోకి జొరబడటం వేరు అని ఆ కంపెనీలో ఎవరికీ తట్టకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

చివరగా, పాతవాళ్లు మళ్లీ నంబర్ వన్ కాగలరా అని మీకు అనిపించవచ్చు. అయ్యారు. 2023 నవంబరు 2న వచ్చిన బీటిల్స్ ‘నౌ అండ్ దెన్’, ఆ చార్టు వారంలో కొన్ని గంటలే మిగలడంతో 42వ స్థానంలో అడుగుపెట్టి మరుసటి వారం 1కి ఎగిరింది. వాళ్ల ముందరి నంబర్ వన్ 1969 నాటిది. ఆ వారం దానికి వచ్చిన లెక్కలో స్ట్రీమింగ్ కంటే వినైల్, క్యాసెట్, డౌన్‌లోడ్ కొనుగోళ్లదే పెద్ద వాటా. వీరాభిమానులు, సేకరణదారులు మళ్లీ సోమవారం ఉదయపు పని చేశారన్నమాట. తర్వాతి వారాల్లో అదీ వేగంగా దిగిపోయింది. అదే శరత్కాలంలో రోలింగ్ స్టోన్స్ ‘యాంగ్రీ’ టాప్ 10 గడప తొక్కలేదు, ఆ పాట ఉన్న ‘హ్యాక్నీ డైమండ్స్’ ఆల్బమ్ నంబర్ వన్‌గా వచ్చింది. స్టేటస్ క్వో 24, 2 కథే ఇరవై ఏడేళ్ల తర్వాత మళ్లీ.

కాబట్టి మీ బ్యాండ్ ఆరోగ్యం తెలుసుకోవాలంటే సింగిల్ ఎంత పైకి వెళ్లిందో చూడకండి. ఆల్బమ్ మొదటి వారం, నాలుగో వారం మధ్య ఎంత పడిందో చూడండి. వచ్చే యాత్రలో పాటల జాబితా దొరికితే, కొత్త ఆల్బమ్ పాటలు ఎన్ని ఉన్నాయో, రెండో ఏడాదికి వాటిలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. జనం మంచినీళ్ల కోసం లేచే పాటలు ఏవో వేదిక మీద వాళ్లకు చక్కగా కనిపిస్తాయి, నెమ్మదిగా జాబితాలోంచి తప్పిస్తారు.